వేంపల్లె కౌంటర్లో లాగౌట్

దస్తగిరికి ఫోన్లో విన్న ఫిర్యాదు మీద నమ్మకం తక్కువ. ఏ ప్రోగ్రాం మొరాయించినా స్వయంగా వెళ్లి, వాడే మనిషి వెనక స్టూలేసుకుని, చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ కలుగు ముందు పిల్లిలా కూర్చుంటాడు. డ్రిప్పు పైపుల కంపెనీకి అతను రాసిన బిల్లింగు ప్రోగ్రాం అన్ని బ్రాంచీల్లోనూ బాగానే నడుస్తోంది. వేంపల్లెలో మాత్రం మధ్యలో లాగౌటై, కొట్టిన వివరాలన్నీ మాయమవుతున్నాయి. కౌంటర్లోని బషీరాబీకి కంప్యూటర్ రాదని కర్నూలు ఆఫీసు తేల్చేసి, ఆమెను తీసేద్దామంటోంది. దస్తగిరి మాత్రం బస్సెక్కాడు.

చూస్తే బషీరాబీ వేళ్లు చకచకా ఆడుతున్నాయి. ఎదుట రైతు ఓబుళరెడ్డి పొలం వివరాలు చెబుతున్నాడు. "బోరులో నీళ్లు పడ్నాయాన్నా?" అని అడిగి, ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. కష్టం చెప్పుకునే మనిషి ముందు టైపు కొట్టడం ఆమెకు మర్యాదగా తోచదు. "యాడమ్మా! మొదటి బోరులో దుమ్మే లేచె," అని ఆయన అందుకున్నాడు. రెండో బోరుకొచ్చేసరికి తెర మీద లాగిన్ పేజీ వచ్చేసింది. "సూడప్పా, నేనేం ముట్టుకోలా," అంది బషీరాబీ. "ముట్టుకోకుంటే మనిషి లేదనుకుంటాదక్కా," అన్నాడు దస్తగిరి. కాసేపు మీటలు కదలకపోతే లాగౌట్ చేసే గడువు పెట్టింది తనే. పెంచుదామని ల్యాప్‌టాప్‌లో సెట్టింగులు తెరిచాడు. "మూడో బోరుకాడ బండ తగిలె," అన్నాడు ఓబుళరెడ్డి. దస్తగిరి వేలు గాల్లోనే ఆగిపోయింది. "మళ్లా ఏమాయె?" అన్నాడు. నీళ్లు ఎగజిమ్మేదాకా విని, తృప్తిగా ఇటు తిరిగితే, అతని తెర కూడా పాస్‌వర్డు అడుగుతోంది.