బీటల అంచుకు తాళం

మా తమ్ముడికి పక్షవాతం వచ్చిన రోజు నేను ఏడవలేదు. వాడి కంప్యూటర్ తెరుచుకోనప్పుడు ఏడ్చాను. లోకం ఏమన్నా అనుకోనీ, జరిగింది జరిగినట్టే చెబుతాను.

ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. నాయన పట్టుచీరలు నేసేవాడు. తమ్ముడు నేత వదిలి, మగ్గాలకు డిజైన్లు తయారుచేసే పనిలోకి దిగాడు. చీర అంచు, కొంగు కంప్యూటర్‌లో గళ్ళుగళ్ళుగా గీసి ఇస్తే, దాన్నిబట్టి అట్టలకు చిల్లులు పొడిచి మగ్గానికి ఎక్కిస్తారు. నేను తెలుగు పంతులమ్మనై ఉరవకొండ వైపు బడుల్లో బతుకంతా వెళ్ళదీశాను. చెయ్యి మాత్రం ఊరుకోలేదు. సెలవుల్లో గ్రాఫు కాగితం ముందేసుకుని అంచులు గీసేదాన్ని. చెనక్కాయ పువ్వు, తంగేడు మొగ్గ, తీగ మీద వరసగా వాలిన పిచ్చుకలు. చెరువు ఎండిపోతే అడుగున మట్టి పగిలి పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. ఆ బీటలను ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఒక అంచు గీశాను. నేను గీసినవాటిలో నాకు నచ్చింది అదే.

గీసినవన్నీ తమ్ముడికే ఇచ్చేదాన్ని. వాడు స్కాన్ చేసుకుని కాగితాలు అటక మీద పడేసేవాడు. ఆ కాగితాలను చెదలు తినేశాయి. పోనీలే, కంప్యూటర్‌లో ఉన్నాయిగా అనుకున్నాను. నా అంచులు ఎవరైనా నేశారా అని అడిగితే వాడిది ఒకటే జవాబు, ఇవి అంగట్లో ఆడవని, ఎవరూ కొనరని. బీటల అంచు చూసినప్పుడైతే నవ్వాడు.

"పెండ్లికి బీటలు కట్టుకుంటారా ఎవురన్నా? నువ్వు బడి చూసుకోక్కా."

చూసుకున్నాను. వాడికి తెలిసినంత వ్యాపారం నాకు తెలియదు కదా.

నేను రిటైరయ్యాక ఒక చేనేత శిక్షణ కేంద్రం వాళ్ళు పిలిచారు. అమ్మాయిలకు అంచు గీయడం నేర్పాలట. ముందు మీరు గీసినవి తెచ్చి చూపించమన్నారు. నా దగ్గర ఒక్క కాగితం లేదు. నేను గీశానని చెప్పుకోవడానికి ఈ లోకంలో మిగిలిందంతా తమ్ముడి కంప్యూటర్‌లోనే ఉంది. అడుగుదామనుకుంటుండగానే వాడు పడిపోయాడు. కుడి వైపు చచ్చుబడింది, మాట పోయింది. ఊ, ఊహూ, ఇంకేవో తునకలు మిగిలాయి.

కంప్యూటర్ తెరిస్తే నల్ల తెర. అందులో ఒకటే గీటు, రహస్యపు మాట కొట్టమని. అంతకు ముందెప్పుడో ఒక షావుకారు మనిషి వాడి దగ్గర కూర్చుని, కళ్ళుగప్పి ఒక డిజైన్‌ను పెన్ డ్రైవ్‌లోకి ఎత్తుకుపోయాడు. అప్పటినుంచి వాడు డిస్కు మొత్తానికి తాళం వేయించాడు. దీన్ని తాళం అనడం కూడా తప్పే. ఇంటికి తాళం వేస్తే పగలగొట్టవచ్చు. ఇది ఇంట్లో ఉన్న ప్రతి గింజనూ పిండి చేసి, మాట చెబితేనే మళ్ళీ గింజ చేస్తాననే రకం.

మా మరదలికి పాత మాట తెలుసు. నాయన పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో. కొట్టాం, తీసుకోలేదు. పడిపోవడానికి కొద్దిగా ముందు వాడు మాట మార్చాడని అప్పుడు తెలిసింది. ఆ మధ్య వ్యాపారంలో పొత్తుదారుతో ఏదో గొడవైందట, ఆ కోపంలో మార్చాడట. కొత్తది ఆమెకూ చెప్పలేదు.

కంప్యూటర్‌ను అనంతపురం తీసుకుపోయాను. మొదటి అంగడి అతను తెరవంక చూసి, ఫార్మాట్ కొడితే కొత్తదాని మాదిరి అయిపోతుందన్నాడు. లోపలున్నవి అంటే, అవి పోతాయన్నాడు. రోగం కుదిరింది గానీ రోగి పోయాడన్నట్టు. రెండో అంగడిలో డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించారు. డిస్కు కనిపించింది, లోపల ఏముందో కనిపించలేదు. తాళం బాగా వేసినారమ్మా అని ఆయన మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు నాకు చెంపపెట్టులా తగిలింది.

ఇక మిగిలింది వాణ్ణి అడగడమే. మంచం పక్కన కూర్చుని, కంప్యూటర్ మాట ఏందిరా అన్నాను. వాడు నా కళ్ళలోకి చూసి, నాలుక కూడదీసుకుని చెప్పాడు.

"ఎవురినీ నమ్మొద్దు."

అది నాయన మాట. డిజైన్ కాగితం ఇల్లు దాటేటప్పుడల్లా నాయన అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అడిగిన ప్రతిసారీ అదే. బతిమాలినా అదే, కసిరినా అదే. పైగా ఎడమచేతి వేలు ఆడించడం ఒకటి, నన్ను బెదిరిస్తున్నట్టు. అమ్మ పోయాక వాడికి తలంటు పోసింది నేను, గోరుముద్దలు పెట్టింది నేను. నోరు పడిపోయి అన్ని మాటలూ పోగా నా కోసం మిగుల్చుకున్నది ఇదా అనిపించింది. కొన్నాళ్ళు ఆ గడప తొక్కలేదు. పుండు మీద కారం చల్లించుకోవడానికి బస్సు చార్జీ పెట్టుకుని పోవడమెందుకు?

మరదలే ఫోన్ చేసింది.

"వదినా, నీళ్ళు కావల్లా అంటే ఊ అంటాడు. అన్నం వద్దా అంటే ఊహూ అంటాడు. కంప్యూటరు అంటేనే ఆ మాట అంటాండాడు. అది తిట్టు కాదేమో."

అప్పటికి తట్టింది నాకు. వాడు నన్ను తిట్టడం లేదు, అడిగినదానికి జవాబు చెబుతున్నాడు. ఆ వేలు బెదిరింపూ కాదు. దుప్పటి మీద అక్షరాలు కొడుతున్నాడు.

మర్నాడే పోయాను. నల్ల తెర ముందు కూర్చుని ఆ రెండు మాటలనూ ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ రాశాను. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, నడుమ ఖాళీ వదిలి, వదలకుండా. కొట్టిన ప్రతిసారీ అది కాసేపు ఆలోచించి, కాదంది. వాడి వంక చూస్తే అదే మాట, అదే వేలు. మరదలు కాఫీ తెచ్చింది. వద్దని కసిరాను. పాపం ఆమె ఏం చేసింది!

అప్పుడు కీబోర్డు వంక చూశాను. మీటల మీద తెలుగు అక్షరాల చిట్టీలు అంటించి ఉన్నాయి. వాడు రంగుల పేర్లు తెలుగులోనే కొట్టి అద్దకం వాళ్ళకు పంపేవాడు. మాట మార్చిన పూట కూడా రంగుల పట్టీ రాస్తూ ఉన్నాడని మరదలు చెప్పింది. అంటే కీబోర్డు తెలుగులో ఉన్నప్పుడే కొత్త మాట కొట్టాడు. కొట్టేటప్పుడు చుక్కలే తప్ప అక్షరాలు కనిపించవు. ఆ నల్ల తెరకేమో ఇంగ్లీషు తప్ప మరో అక్షరం రాదు. మా వాడికి కంప్యూటర్ ఆపే అలవాటు లేదు, మూత మూసేవాడంతే. అది ఆగకపోవడంతో ఆ తెర వాడికి ఎదురుపడలేదు. వాడు ఆసుపత్రిలో ఉన్నప్పుడు బ్యాటరీ అయిపోయి అది ఆగింది. ఆరోగ్యంగా ఉన్నా వాడూ నా మాదిరే బయట నిలబడేవాడు. దొంగకు వేసిన తాళం, మొదట అడ్డుపడింది వేసినవాడికే!

దారి ఇంటర్నెట్‌లో చదివి తెలుసుకున్నాను. వాడి కంప్యూటర్‌ను నడిపే సిస్టమ్‌లాంటిదాన్నే పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, కంప్యూటర్‌ను దానితో లేపాలి. అది మామూలుగా లేచి, పక్కన తాళం వేసిన డిస్కును చూపిస్తుంది. అప్పుడు కీబోర్డును తెలుగుకు మార్చుకుని మాట కొట్టవచ్చు. చెప్పినంత సులువుగా కాలేదు. నడుమ కరెంటు పోయింది, పెన్ డ్రైవ్ ఒకటి మొరాయించింది, నేను దాన్నీ, కరెంటు వాళ్ళనూ, తమ్ముణ్ణీ కలిపి తిట్టుకున్నాను. చివరికి తెర మీద మాట కొట్టే గడి వచ్చింది. అక్షరాలు కనిపించేలా పెట్టుకుని కొట్టాను. 'ఎవరినీ నమ్మవద్దు.'

కాదంది.

'ఎవరినీ నమ్మొద్దు.' అదీ కాదంది. మంచం మీదినుంచి వాడు మళ్ళీ అన్నాడు. ఈసారి చెవులతో విన్నాను. పంతులమ్మ చెవులు చెడ్డవి, తప్పు వినపడితే దిద్దుకుని మరీ వింటాయి. వాడు అంటున్నది 'ఎవరినీ' కాదు. బతుకంతా పిల్లల పుస్తకాల్లో ఎర్రసిరాతో కొట్టేసిన కొమ్మును నా చేత్తోనే 'వ'కు తగిలించాను. 'ఎవురినీ నమ్మొద్దు.'

తెరుచుకుంది.

మరదలు దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇన్నాళ్ళూ వీణ్ణి అనుమానించానే, వీడు నాకు తాళంచెవి ఇస్తూనే ఉన్నాడే అని. ఆ ఏడుపుతోనే నా అంచుల కోసం వెతికాను.

ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. చెనక్కాయ పువ్వు ఉంది, పిచ్చుకలు ఉన్నాయి. స్కాన్ చేసినవి మాత్రమే కాదు, మగ్గానికి ఎక్కించడానికి గళ్ళు సరిచేసినవి కూడా ఉన్నాయి. ప్రతిదాని కిందా వాడి ముద్ర. పక్కనే ఫొటోలు, నేసిన చీరలవి. ఆడవన్న అంచులు రకరకాల రంగుల్లో, అంగడి బొమ్మల ఒంటి మీద, పెళ్ళికూతుళ్ళ ఒంటి మీద. ఇటుకరంగు చీర ఒకటి కనిపించింది. దాని అంచున నా బీటలు. ఏ పెచ్చు ఎక్కడ విరగాలో ఆ గళ్ళన్నీ నా కళ్ళకు తెలుసు. ఫొటో కింద దానికి వాడు పెట్టిన పేరు ఉంది. మేఘాల అంచు.

ఈ సీమలో ఎండిపోయిన చెరువును మేఘాలని చెప్పి అమ్మగలిగినవాడు మా తమ్ముడే. గొప్పవాడే. ఆ చెరువు అడుగున ఎండలో కూర్చుని దాన్ని గీసుకున్నది నేను. ఆ చీర ఎవరింట్లోనో పెళ్ళిలో కట్టుకుంటుంటే, నేను ఉరవకొండలో కూర్చుని నాకు గీయడం రాదని నమ్ముకున్నాను. పేరు వేయకపోతే పోయె, అక్కా ఒకటి నేసినారే అని ఒక్కమాట చెబితే వాడి సొమ్మేం పోయేది? ఆ ఒక్కమాట కోసం నేను ఇంకో వంద గీసేదాన్ని.

మరదలు వచ్చి నా భుజం మీదుగా చూసింది. అంచు బాగుండాది వదినా, మా ఆయప్ప గీసిందే అని మొగుడి వైపు చూపించింది. ఆమెకు తెలియదు. ఎవరూ చెప్పలేదు.

నావన్నీ నా పెన్ డ్రైవ్‌లోకి ఎత్తుకున్నాను, ఆ షావుకారు మనిషి ఎత్తుకుపోయినట్టే. తర్వాత మంచం దగ్గరికి పోయాను. నేను పక్కన కూర్చోగానే, మళ్ళీ అడగడానికే వచ్చాననుకున్నాడు కాబోలు, నాలుక కూడదీసుకున్నాడు.

"ఎవురినీ నమ్మొద్దు."

"తెరుచుకుందిలేరా," అన్నాను. "మేఘాలు చూసినా."

దుప్పటి మీద వేలు ఆగిపోయింది. కాసేపటికి మెల్లగా తల గోడవైపు తిప్పుకున్నాడు. మెడ కింద దిండు జారిపోయింది. అలవాటు కొద్దీ సర్దాను.

మాట ఉన్నన్నాళ్ళూ మా తమ్ముడు నాకు అబద్ధమే చెప్పాడు. మాట పడిపోయాక చెప్పిన నిజం ఆ ఒక్కటే.