సకినాల డబ్బాలో పత్తి

సారు పోయారని ఖాలా ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాద్ ల్యాబ్‌లో గ్లౌజులు తొడుక్కుంటున్నాను. "మీ సారు చాయ్ తాగి పేపర్ పట్టుకుని కూసున్నడు బేటా, అట్లనే పోయిండు" అన్నది. సారు భార్యను మేమంతా ఖాలా అనేవాళ్లం. ఒక చేతికి గ్లౌజు తీయకుండానే జనగామ రైలెక్కాను.

సారు జనగామలో మాకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. స్టాటిస్టిక్స్ మాత్రం అరవై దాటాక సొంతంగా నేర్చుకున్నారు. ఉద్యమం రోజుల్లో, నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు, మధ్యాహ్నాలు తెలంగాణ దీక్షా శిబిరంలోనే ఉండేవారు. డౌట్లున్నవాళ్లు అక్కడికే పోవాలి.

జనగామ పత్తికీ మొగుళ్లపల్లి పత్తికీ పోగు పైపొరలో తేడా ఉందా అన్నది నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. యంత్రం పోగు మీదికి అయాన్లను విసిరి, ఊడిన తునకల బరువులు చూస్తుంది. ఒక్కో బరువుకు గ్రాఫులో ఒక శిఖరం, ఒక్కో నమూనాకు వందల శిఖరాలు. వాటన్నిటినీ గణాంకాలు కుదించి, ఒక్కో నమూనాను కాగితం మీద ఒక చుక్కగా చేస్తాయి. పోలిక ఉన్నవి దగ్గర, లేనివి దూరం. నా చుక్కలు రెండు గుంపులయ్యాయి, మధ్యలో ఎడ్లబండి పోయేంత జాగా! రెండు రోజుల్లో సెమినార్. ఎగురుకుంటూ శిబిరానికి పోయాను.

దీక్షలో కూర్చున్న తాత తొంగి చూశాడు. "సారూ, గీ చుక్కలల్ల తెలంగాణ ఎప్పుడొస్తదో ఉన్నదా?"

"అడిగిందే సక్కగ చెప్పయి తాతా, అడగంది ఏం చెప్తయి?" అని సారు నా వైపు తిరిగారు. "చుక్కలు దూరం జరిగితే మురవకు బేటా. ఎవరు నెట్టిన్రో అడుగు."

రెండు గుంపులను దూరం నెట్టిన శిఖరాల జాబితా ఇచ్చాను. నేను దాన్ని సరిగ్గా చూడనేలేదు. సారు పెన్సిల్‌తో మూడింటికి సున్నాలు చుట్టారు.

"పత్తి పోగు మీదుండే మైనంల గివి గింతగనం ఉండయి. గిది వంటనూనె. మొగుళ్లపల్లి పత్తి ఎట్ల తెచ్చినవ్?"

"సమ్మెల బస్సుల్లేవు గద సార్. మా అన్న బండి మీద, మేనత్త ఇచ్చిన స్టీలు డబ్బల."

"అండ్ల అంతకుముందు ఏముండె?"

"...సకినాలు."

"కడిగినవా?"

"చున్నీతోని తుడిచిన."

శిబిరమంతా ఘొల్లుమంది. "పొద్దటిసంది ఉపాసమున్నం, గిప్పుడు సకినాల ముచ్చట తీస్తరా!" అని తాత మొత్తుకున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. "ఎవరికి తెలుస్తది సార్? గిట్లనే చెప్పేస్త."

"నీళ్లల్ల, కొలువులల్ల మనకు తప్పు లెక్కలు చెప్పిన్రనే గద రోడ్డు మీద కూసున్నం. గిప్పుడు మనమే చెప్తమా?"

సెమినార్‌లో ఆ మూడు సున్నాలే చూపించి, డబ్బా కథ చెప్పాను. నవ్వారు. నవ్వాక, ఎలా పట్టుకున్నావని అడిగారు. ఆ ప్రశ్నకు చెప్పిన జవాబుతోనే నాకు ఈ ల్యాబ్‌లో పని దొరికింది. మళ్లీ శుభ్రమైన గాజు సీసాల్లో పత్తి తెచ్చి చూస్తే చుక్కలన్నీ కలిసిపోయాయి. నేను డీలాపడ్డాను. సారు మాత్రం "రెండూర్ల పత్తి ఒక్కతీరే! గిది సుత జవాబే" అని శిబిరమంతటికీ చాయ్ చెప్పారు, వాళ్లు ఉపాసమున్నారన్నది మరిచిపోయి.

ఆ డబ్బాను "సాక్ష్యం" అని తనే ఉంచుకున్నారు. మేనత్త ఎప్పుడు సకినాలు చేసినా దాన్ని తెప్పించుకుని, నింపి పంపేది.

సారు పోయిన మూడోనాడు ఖాలాకు చాయ్ పెడదామని వంటింట్లోకి పోయాను. అలమరలో డబ్బా ఉంది. మూత మీద అంటించిన కాగితంపై సారు దస్తూరీ: "తినేవి మాత్రమే. పత్తి పెట్టరాదు." లోపల సగం కొరికిన సకినం ఒకటి, దాని కింద పరిచిన కాగితం మీద గుండ్రంగా నూనె మరక.