దిల్మున్ రేవులో నాగుల చవితి

నా భార్య సుగుణ ఉండగా రెండుసార్లు వాయిదా వేసిన ప్రయాణం ఇది. తొంభైల మధ్యలో నేను బహ్రెయిన్ రాజధాని మనామాలో ఒక నిర్మాణ సంస్థలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. కాపురం హూరాలో, రెండు గదుల ఫ్లాటు. ఒక శుక్రవారం ఇద్దరం మ్యూజియానికి వెళ్ళాం. అద్దాల వెనక మట్టి మూకుళ్ళు, వాటిలో చుట్టలు చుట్టుకున్న పాముల ఎముకలు. కొన్నింటిలో ఒక్కో పూస. రెండున్నర వేల ఏళ్ళ కిందట వాటిని నేల కింద పాతిపెట్టారట. సుగుణ అక్కడి నుంచి కదల్లేదు. "పాలు పోద్దామంటే ఈ ఊళ్ళో పాముపుట్టే లేదన్నారుగా? వీళ్ళూ మనవాళ్ళేనండీ. ఇవి దొరికిన చోటికి తీసుకెళ్ళండి, చవితికి పాలు పోసొస్తాను" అంది. సరేనన్నాను. మొదటి ఏడు ఓవర్‌టైం. రెండో ఏడూ అదే. మూడో చవితికి ఆమె లేదు. ఆమె పోయిన ఏడాది మైలలో ఆ పండగ గడిచిపోయింది. నాలుగోది సెలవురోజు, శుక్రవారం పడింది.

ఉదయం ఏడింటికి బయలుదేరి మనామా బస్టాండు దాకా నడిచాను. సంచిలో స్టీలు గ్లాసు, నేను దంచిన నువ్వుల చిమ్మిలి ఉండలు, కిరాణా కొట్లో కొన్న పాల డబ్బా. బుదయ్యా రోడ్డు బస్సుకు యాభై ఫిల్సులు. కర్బాబాద్ మలుపులో దిగి ఖర్జూరపు తోటల మధ్య సముద్రం వైపు అరగంట నడిస్తే కోట వస్తుంది. టాక్సీవాళ్ళు రెండు దీనార్లు అడిగేవారు. తిరిగి రావడానికి మాత్రం అక్కడ ఏదీ దొరకదు.

దూరం నుంచి కనిపించేది పోర్చుగీసు కోట. చూడవలసింది దాని కింద ఉంది; ఆ పాముల మూకుళ్ళు దొరికింది అక్కడే. ఆ దిబ్బంతా ఊరి మీద ఊరు కట్టగా పెరిగింది. నాలుగు వేల ఏళ్ళ కిందట ఇది దిల్మున్ రేవు. ఒమాను రాగి, సింధు తీరపు సరుకు ఇక్కడ దిగేవి. ఇక్కడి తూకపు రాళ్ళు కూడా సింధు కొలతవే. గీతలు గీసే వృత్తి కనుక తవ్వకాల్లో బయటపడ్డ గోడల మూలలు చూస్తూ, అడ్డంగా కట్టిన తాడు దాటి ముందుకు వంగాను.

"ఓ భాయ్, ఉధర్ నహీ!" అని వెనక నుంచి హిందీలో కేక.

"బాబోయ్, తాడు చూళ్ళేదు" అన్నాను తెలుగులోనే.

కాపలా మనిషి నవ్వాడు. "మనోళ్ళేనా సార్?" పేరు రాజయ్య, జగిత్యాల దగ్గరి పల్లె. వారమంతా తవ్వకం పని, శుక్రవారం కాపలా. "దుబాయి వచ్చి ఏడేండ్లాయె" అన్నాడు.

"ఇది బహ్రెయిన్ కదయ్యా?"

"సముద్రం దాటితే మాకంత దుబాయే సార్."

వచ్చిన పని చెప్పాను. సుగుణ సంగతీ చెప్పాను. అతను డబ్బా అందుకుని చూశాడు. "మా దిక్కు శ్రావణంల పంచమికి పోస్తరు. మీరు దీపావళి దాటినంక గదా. సరే తీ. గని సార్, గివి కాగవెట్టిన పాలు. పుట్టకు పచ్చిపాలు గావాలె."

డబ్బా మీద రాసే ఉంది. చదువుకున్నవాణ్ణి, చదవలేదు. సుగుణ అయితే ముందు అదే చూసేది.

"పోనీలే, వచ్చే ఏడు చూద్దాం" అన్నాను. ఆ మాట అనడం అది మూడోసారి.

"అక్కకు గూడ గిట్లనే చెప్పినవా సార్?"

డబ్బా తీసుకుని సంచిలో పెట్టాను. "యల్లా, నడు" అని అతను కాపలా తోటివాడికి అప్పగించి ముందు నడిచాడు.

పది నిమిషాల దూరంలో ఒక తోట. రెండు ఆవులు, ఒక ముసలి బహ్రెయినీ రైతు. రాజయ్య వచ్చిన అరబ్బీలో చెబుతూ, చేత్తో పడగ కూడా పట్టి చూపించాడు. ముసలాయన పకపకా నవ్వాడు. ఎవరి కోసమని అడిగినట్టున్నాడు. రాజయ్య జవాబు విన్నాక నవ్వు ఆపి, అరచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. అప్పటికప్పుడు పాలు పితికి నా గ్లాసు నింపి ఇచ్చాడు. ఏమీ తీసుకోలేదు.

"లోపట పోస్తే నా డ్యూటీ ఖలాస్" అంటూ, కోటకు తిరిగొచ్చాక రాజయ్య నన్ను తాడు బయట ఒక పక్కకు తీసుకెళ్ళాడు. అక్కడ తవ్వకాల మన్ను గుట్టగా పోసి ఉంది. "చీమలు తవ్విపోస్తె మీ పుట్ట, మేం తవ్విపోస్తె గిది. లోపటి మన్నే సార్."

పోశాను. మన్ను వెంటనే పీల్చేసుకుంది.

మా తుని వైపు పాలు పోశాక పుట్టమన్ను చెవులకు పెడతారు. సుగుణ ఊరి నుంచి పొట్లం కట్టి తెచ్చుకుని చవితినాడు నాకు పెట్టేది. ఆఫీసుకు బాగుండదని మెట్లు దిగగానే తుడిచేసేవాణ్ణి. తడి మన్ను చిటికెడు తీసి చెవులకు పెట్టుకున్నాను.

"ఎడమదానికి అంటలే" అని రాజయ్య తనే సరిచేశాడు. తర్వాత ఇద్దరం చిమ్మిలి తిన్నాం. "గట్టిగున్నయి సార్, పండ్లూడుతయి" అంటూనే మూడు తిన్నాడు.

హూరా చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఆ రేవు ఎక్కడికీ పోదు. ఆ ధీమాతోనే రెండేళ్ళు వాయిదా వేశాను. పక్కన వంటింట్లో ఉన్న మనిషి విషయంలోనూ అదే ధీమా. శనివారం ఆఫీసులో ఎవరో చెవికి ఏదో అంటిందన్నారు. తుడవలేదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. తవ్వకాల చోటు నుంచి చిటికెడు మన్నయినా ఇంటికి తేకూడదు. చెవికి అంటుకున్నదాని సంగతి మాత్రం ఎవరూ అడగరు.