పక్కకి తిప్పే పని

ఆరోగ్యమ్మ చూసుకునే రోగికి ఒంటి మీద పుండు పడదని జగ్గయ్యపేటలో ఆమె చర్చి సంఘంవాళ్ళంతా ఒప్పుకునేవాళ్ళు. నందిగామలో ఒక నర్సింగ్ హోంలో పదకొండేళ్ళు ఆయాగా చేసి నేర్చుకున్న పని అది. కొడుకు ఆటో తోలి ఇల్లు నడిపే రోజులొచ్చాక ఉద్యోగం మానేసి, సంఘంలో మంచాన పడ్డవాళ్ళ దగ్గరే పగలంతా గడిపేది. ప్రార్థన మాత్రం రెండు ముక్కల్లో ముగించేది.

దుర్గాంబకి పక్షవాతం వచ్చి ఏడాదిన్నర. ఆమె కొడుకు భవానీప్రసాద్‌ది ఎరువుల కొట్టు. భార్యాభర్తలిద్దరూ పగలంతా కొట్లోనే. అతను చర్చికి రాడు. తల్లి విశ్వాసి కాబట్టి, చర్చి పాస్టరు అయ్యగారు పంపిన మనిషి కాబట్టి ఆరోగ్యమ్మకి తలుపు తీశాడు. ఒకే వైపు పడుకుని ఒళ్ళు ఒరిసి పుండు పడకుండా, పగలు రెండు గంటలకోసారి ఆమె దుర్గాంబని పక్కకి తిప్పేది. రాత్రి రెండుసార్లు అతను తిప్పేవాడు.

వెంట యశస్వినిని తీసుకెళ్ళేది. సంఘంలోనే, డిగ్రీ అయి ఖాళీగా ఉన్న పిల్ల.

"ముందు అరచేతులు రుద్దుకోవే. చల్లటి చెయ్యి తగిలితే ఉలిక్కిపడుద్ది. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒకటి. లాగితే తోలు లేచిపోద్ది."

యశస్విని తలూపేది. పని సగంలో వదిలి బైబిలు తీసేది.

ఆ ఏడు జయరాజ్ అయ్యగారు శిష్యత్వ శిక్షణ పెట్టారు. పన్నెండు శనివారాలు బైబిలు పాఠాలు, చివర పరీక్ష. నెగ్గితే కార్డు. కార్డున్నవాళ్ళే ఇకమీదట సంఘం తరఫున ఇళ్ళకి వెళ్ళాలి. ఆరోగ్యమ్మ నాలుగు శనివారాలే వెళ్ళగలిగింది. మిగతావి దుర్గాంబ మంచం దగ్గర గడిచిపోయాయి.

పరీక్ష నాడు అయ్యగారు మైకు ఆమె చేతికిచ్చారు. "శిష్యుడంటే ఎవరమ్మా?"

"గురువు చేసిన పని చేసేవాడండి."

"ఏం పని?"

"ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడు కదండీ."

"అధ్యాయం, వచనం?"

ఆమెకి గుర్తు రాలేదు. వెనక బెంచీలోంచి ఎవరో, "సబ్బు సువార్త, ఫినాయిలు వచనం అక్కా!" అన్నారు. చర్చి గొల్లుమంది. నవ్వినవాళ్ళలో యశస్విని ఉంది. మొదటి కార్డు కూడా ఆ పిల్లకే వచ్చింది.

సోమవారం భవానీప్రసాద్ ఆరోగ్యమ్మని గుమ్మంలోనే ఆపాడు.

"ఏమనుకోవద్దండి. అయ్యగారు ఫోన్ చేశారు. ట్రైనింగ్ అయిన టీం వస్తుందంట."

"వాళ్ళు తిప్పుతారా బాబూ?"

"ట్రైనింగ్ అంటే అదే కదండీ!"

అక్కణ్ణించి ఆమె తిన్నగా అయ్యగారి దగ్గరికి వెళ్ళింది. "సంఘం పేరు చెప్పనండి. ఊరికే వెళ్ళి తిప్పి వస్తా."

"దేనికైనా ఒక క్రమం ఉండాలమ్మా. జూన్ బ్యాచ్‌లో మళ్ళీ పరీక్ష రాయండి."

బయట యశస్విని ఎదురైంది. "నేను చూసుకుంటాలే పిన్నీ."

"రెండు గంటలకోసారే..."

"తెలుసు పిన్నీ, వందసార్లు చెప్పావ్."

టీం రోజూ సాయంత్రం వెళ్ళేది. నలుగురు. ఒక పాట, అరగంట ప్రార్థన, మంచం చుట్టూ నిలబడి ఫొటో. సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చే ఆ ఫొటోలని ఆరోగ్యమ్మ తన కొడుకు ఫోన్లో పెద్దవి చేసి చూసేది. వాళ్ళ మొహాలు కాదు, దుప్పటి చూసేది. ప్రతి ఫొటోలోనూ దుర్గాంబ వెల్లకిలానే ఉంది. తొమ్మిది రోజులు దుప్పటి మీద అదే మరక.

ఐదోవారం దుర్గాంబ పోయింది. శవానికి స్నానం చేయించడానికి ఎవరూ ముందుకు రాలేదు. అయ్యగారే ఆరోగ్యమ్మకి ఫోన్ చేశారు. కార్డు మాట ఎత్తలేదు.

భవానీప్రసాద్ ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. "పుండు పడితే డాక్టరుకి చూపించానండి. పగలు వాళ్ళు తిప్పుతున్నారనే అనుకున్నా."

గదిలోకి సాయానికని యశస్విని వచ్చింది. ఆరోగ్యమ్మ దుర్గాంబని పక్కకి తిప్పింది. నడుం కింద అరచెయ్యంత పుండు, అడుగున ఎముక. యశస్విని చున్నీతో ముక్కు మూసుకుంది.

"రోజూ ప్రార్థన చేశాం పిన్నీ. నిజం."

"చేశారులే. ఒక్కసారన్నా తిప్పారా?"

పిల్ల ఏడ్చింది. ఆరోగ్యమ్మ ఊరుకోబెట్టలేదు. పుండు కడిగి, మెత్తటి గుడ్డ కట్టి, పైన చీర చుట్టింది. బయట అయ్యగారు మైకులో, దుర్గాంబమ్మకి చివరిదాకా సేవ చేసిన శిష్యుల పేర్లు చదువుతున్నారు.

"నీ పేరు పిలుస్తున్నారు, పో," అంది ఆరోగ్యమ్మ.