అప్పలమ్మ మర్యాద

సింగపూర్‌లోని సెంబవాంగ్‌లో మా పక్క ఫ్లాట్ అప్పలమ్మది. ఆమె తండ్రి శ్రీకాకుళం నుంచి ఇక్కడి నేవల్ బేస్‌లో కూలికి వచ్చాడు. ఆమె ఇక్కడే పుట్టింది. కూతురూ అల్లుడూ పోయాక మనవరాలు కీర్తికను హాకర్ సెంటర్ తిండి దుకాణాల్లో పళ్ళాలు కడిగి పెంచింది. అరవై ఐదేళ్ళు వచ్చి మోకాళ్ళు మొరాయించినా కడుగుతూనే ఉంది.

రెండువేల సంవత్సరంలో కీర్తికకు యూనివర్సిటీలో కంప్యూటర్ సీటు వచ్చింది. అప్పుడు ఎక్కడ చూసినా కంప్యూటర్ల మాటే. మా ఆయనలా ఆ ఉద్యోగాలకని విమానాలు దిగిన తెలుగు ఇంజినీర్లు ఒక సంఘం పెట్టి, తెలుగు సంతతిలో చదువుకునే స్తోమత లేని పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. అది వస్తేనే కీర్తిక చదువు, లేకపోతే లేదు. బడిలో ఆ పిల్ల చదివింది తమిళం. తెలుగు అంతంత మాత్రం. అందుకని తెలుగు సంతతి అవునో కాదో తేల్చుకోవడానికి ఇంటర్వ్యూకి అమ్మమ్మను కూడా రమ్మన్నారు. తోడుగా నేను వెళ్ళాను.

అప్పలమ్మ ఉన్న ఒక్క పట్టుచీర కట్టుకుంది. తమిళులకు ఆమె తెలుగుది. కొత్తగా దిగిన తెలుగువాళ్ళకు తమిళావిడ. ఆ రోజు సంఘం అధ్యక్షుడు సుధాకరరావు లేచి నిలబడి, "రండమ్మా, కూర్చోండి. ఎలా ఉన్నారు? ఇంట్లో ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అన్నాడు. చదువుకున్న తెలుగువాడు ఆమెను నోరారా అమ్మా అనడం అదే మొదలు. ముసలామె మొహం చేటంత అయింది.

"మాకేటి లోటు బాబూ. మీ దయవల్ల సల్లగా ఉన్నాం" అంది.

మోచేత్తో పొడిచాను. లాభం లేదు. "ఓపాలి మా ఇంటికి బోజనానికి రండి" అని అందరినీ పిలిచింది కూడా.

స్కాలర్‌షిప్ ఇంకో అమ్మాయికి వెళ్ళింది. ఫోన్ చేసి పోట్లాడితే సుధాకరరావు, "కాగితాల మీద అందరూ పేదవాళ్ళేనండీ. అడగందే అమ్మయినా పెట్టదు. ఆవిడే లోటు లేదంటే మేమేం చేస్తాం?" అన్నాడు. తెలుగు సంతతి అవునో కాదో తేల్చడానికి కూర్చున్న మనిషికి అంతకంటే తెలుగు జవాబు ఏం కావాలో నాకు అర్థం కాలేదు. కోపం వచ్చింది గానీ, మళ్ళీ పోట్లాడే ఓపిక లేకపోయింది.

కీర్తిక సీటు వదులుకుని ఒక కంప్యూటర్ కంపెనీలో ఫోన్లెత్తే పనిలో చేరింది. "నెవర్ మైండ్ లా, అమ్మమ్మా" అని ఇక్కడి యాసలో తేలిగ్గా అనేసింది. ఆ పిల్ల మొదటిరోజు పనికి వెళ్ళాక అప్పలమ్మ వచ్చి మా గుమ్మంలో కూలబడింది.

"ఉన్నమాట చెప్పేయాల్సింది ఆంటీ" అన్నాను.

ఆమె మోకాళ్ళు ఒత్తుకుంది.

"పస్తులున్నామని పరాయోల్లకి సెప్పొచ్చమ్మా. ఇన్నేల్లకి మనోల్లు ఎలాగున్నావని అడిగితే, ఎలా సెప్పమంటావు?"