వాగు కలిపిన మిరపకాయలు

ఈ పొద్దున మిర్చి బస్తాల ట్రాక్టరు మా వాకిలి ముందు గుంతలో ఎగిరిపడి, ఘాటంతా ఇంట్లోకి వదిలి పోయింది. నేను వరసగా తుమ్ముతుంటే మా కోడలు కంగారుపడి మాస్కు తెచ్చి చేతిలో పెట్టింది. నా ఈడు వాళ్ళయితేనే నమ్ముతారు గానీ, ఆ తుమ్ములు నాకు హాయిగానే ఉంటాయి.

పినపాక దాటాక అడవి అంచున ఉండే మా ఊరికి గొప్ప చరిత్రేమీ లేదు. భద్రాచలం పోయే ఎడ్లబండ్లు ఆగే చోట నాలుగు గుడిసెలు లేచాయట, అడవి పల్లెల వాళ్ళు ఇప్పపువ్వూ చింతపండూ తెచ్చి ఉప్పూ బట్టలూ తీసుకుపోయే సంత మొదలైందట, ఆ సంతే మెల్లగా ఊరైందట. భూగోళం ఇంకా తేలిక. ఒక పక్క టేకు గుట్టలు, ఇంకో పక్క గోదావరి, నడుమ నల్లరేగడి, దాన్ని చీల్చుకుంటూ గుట్టల్లోంచి దిగే వాగు. ఎండాకాలంలో ఆ వాగులో పాదం తడిస్తే గొప్ప.

మేం నా చిన్నప్పుడు కోస్తా నుంచి వచ్చినవాళ్ళం. నాన్న కౌలుకు చేను పట్టి మిర్చి వేశాడు. అమ్మకు ఈ ఊరు గిట్టలేదు. ఈ పంట ఇల్లు చేరకపోతే పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతానని తేల్చి చెప్పి, ట్రంకుపెట్టె సర్దింది సర్దినట్టే ఉంచి కాపురం చేసేది. నాకేమో పక్క చేను వాళ్ళ పిల్లతో అప్పటికే ప్రాణస్నేహం, ఊరు వదలడం చచ్చినా ఇష్టం లేదు.

కాయ విరగకాసింది. ఊరంతా గుట్టవాలు మీద గరపనేలలో ఆరబోసుకుంటే, నాన్న మాత్రం అంత దూరం మోయడం ఎందుకని వాగు పక్క చదునులో అలికి కల్లం చేశాడు. నా స్నేహితురాలి తల్లి, చుట్టరికం లేకపోయినా నాన్నను తమ్మీ అన్నందుకు నాకు అత్త అయినావిడ, అటు పోతూ ఆగింది. "ఏంది తమ్మీ, గీడ పోసినవ్? వాగొస్తే ఏం జేస్తవ్?" మబ్బు పడితే ఎత్తేస్తాంలే అక్కా అని నాన్న నవ్వేశాడు. మా వైపు వానంటే ముందు మబ్బు కనబడాలి. ఇక్కడ నెత్తిన ఎండ కాస్తుండగానే, గుట్టల వెనక కురిసిన వాన వాగులో దిగి వస్తుందని మాకేం తెలుసు!

ఆ రోజూ ఎండ ఫెళ్ళున కాస్తోంది. వాగు ఎర్రబడింది, వరదొస్తోందని పశువుల కాడి నుంచి ఎవరో కేకేశారు. ఆ కేక వినబడితే ఎవరి కల్లమని అడగడం మా ఊళ్ళో లేదు, చేతికందింది పట్టుకుని పరిగెత్తడమే. గంపలతో, దుప్పట్లతో, సంతకొచ్చిన వాళ్ళ గోనెలతో మా కాయ గుట్టవాలుకు ఎక్కింది. గంపలు చాలకపోతే అమ్మ ఇంట్లోకి ఉరికి, ట్రంకుపెట్టె బోర్లించి, పట్టుచీరల్లో మిరపకాయలు మూటలు కట్టింది. అది చూసి నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

కల్లం మీదికి నీళ్ళొచ్చాయి గానీ కాయ దక్కింది. కాకపోతే ఆ తొందరలో అందరూ తెచ్చి అత్తవాళ్ళ రాశి మీదే కుమ్మరించారు. నాన్న తల పట్టుకున్నాడు. "కలిసినయి గదా, ఇగ ఏరుతమా? గంప నీకు, గంప నాకు" అంది అత్త. ఆమె కాయే ఎక్కువని ఇద్దరికీ తెలుసు. గంప నీదంటే నీదని ఒకరి వైపు ఒకరు తోసుకుంటూ తగువులాడారు, అంత ముచ్చటైన తగువు నేను మళ్ళీ చూడలేదు. ఆ పట్టుచీరలు ఎన్నిసార్లు ఉతికినా మంట పోలేదు, పెళ్ళిళ్ళలో అమ్మ నవ్వుతూనే గోక్కునేది. పుట్టింటి మాట మళ్ళీ ఎత్తలేదు. తర్వాత చాలా ఏళ్ళు మా రెండిళ్ళకూ ఒకటే కల్లం.

ఇప్పుడు ఫోనులోనే వాన కబురొస్తుంది, ప్రతి ఇంట్లో టార్పాలిన్లున్నాయి, కోల్డ్ స్టోరేజీలో ఎవరి బస్తా మీద వాళ్ళ పేరుంటుంది. మొన్న అకాల వాన పడితే ఎవరి పట్టాలు వాళ్ళు కప్పుకున్నారు, ఎవరూ కేకెయ్యలేదు. ఎవరి కాయా తడవలేదు, సంతోషమే. ఎవరి కాయా ఎవరి కాయలోనూ కలవలేదు కూడా.