వాల్టర్ చెయ్యి లేని వేదిక: కాపెల్ నుంచి తల్సా దాకా

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. నేను ఓక్లహోమాలోని తల్సాలో పెళ్లి చేసుకోలేదు. టెక్సస్‌లో నేనుండే కాపెల్‌లో మా వాళ్ల వాట్సాప్ గ్రూపులో పూలదండలతో నేనూ ఒక అమెరికన్ పెద్దమనిషీ నిలబడ్డ ఫోటో తిరుగుతోందనీ, దాని కింద శుభాకాంక్షలు కూడా మొదలయ్యాయనీ తెలిసింది. డెబ్బై అయిదేళ్ల వయసులో నాకు ఒకరి అనుమతి అక్కర్లేదు. చేసుకుని ఉంటే చేసుకున్నాననే రాసేదాన్ని. ఆ దండలు చనిపోయిన మనిషి కోసం కొన్నవి. అవి మా మెడల్లోకి ఎలా వచ్చాయో వరసలో చెబుతాను. నన్నెవరో కారులో తీసుకెళ్లి దింపారన్నది కూడా నిజం కాదు. రానూ పోనూ నేనే నడుపుకున్నాను.

ఈ బ్లాగులో ఇంతకాలం కొండల గురించీ లోయల గురించీ రాశాను గాని, నా సంగీతం గురించి రాయలేదు. మీలో చాలామందికి నేను లెక్కల టీచరుగానే తెలుసు. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ ముగించి డెబ్బయ్యో దశకం మొదట్లో పైచదువుకు ఓక్లహోమా వచ్చినప్పుడు, అక్కడ డేల్, వాల్టర్ అనే ఇద్దరు విద్యార్థులు పాతకాగితాల గోదాములో సాధన చేసేవారు. డేల్ గిటారు వాయిస్తూ పాడేవాడు, వాల్టర్‌వి డ్రమ్స్. ఆర్గన్ అనే కీబోర్డు వాద్యం వాయించేవారు కావాలన్న ప్రకటన చూసి వెళ్లాను. ఏడక్షరాల లయలో ఒక రచన కట్టాలని తంటాలు పడుతూ, ప్రతి ఆవర్తంలోనూ, అంటే ఏడు లెక్కల ప్రతి చుట్టులోనూ, ఎక్కడో ఒకచోట జారిపోతున్నారు. చిన్నప్పుడు నేర్చుకున్న పద్ధతిలో తొడ మీద తాళం వేసి చూపించాను. ఒక దెబ్బ, రెండు వేళ్లు, ఆపైన దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. వాల్టర్ ఆ సాయంత్రమే పట్టేశాడు, ఒక్క పొరపాటుతో. మనం చిటికెన వేలితో మొదలుపెట్టే లెక్కను అతను చూపుడు వేలితో మొదలుపెట్టాడు. సరిదిద్దబోతే, "ప్రొఫెసర్, మా వేళ్లు ఇటునుంచే మొదలవుతాయి," అన్నాడు. అప్పటికి నేనింకా విద్యార్థినినే. ఆ పిలుపు మాత్రం అలాగే నిలిచిపోయింది.

మా బృందం పేరు పేపర్ సైలో. మాది ప్రోగ్రెసివ్ రాక్. మూడు నిమిషాల పాటతో తృప్తిపడక, లయలు మార్చుకుంటూ విస్తరించుకుంటూ, ఒక్కోసారి రికార్డు ఒక వైపంతా ఒకే రచనగా సాగే సంగీతం. కాలేజీ హాళ్లలో మొదలై, పేరున్న బృందాల కచేరీలకు ముందు వాయించే స్థాయికి చేరాం. ఎనభైల్లో రికార్డు కంపెనీ పొట్టి పాటలు అడిగింది, చేశాం. ఒకటి రేడియోలో బాగా మోగింది. దాన్ని వాయిస్తున్నప్పుడు ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. ఆ తర్వాత విడిపోయాం, నేను పాఠాలకు వెళ్లిపోయాను. చాలా ఏళ్లకు మళ్లీ కలిసి, ప్రతి వేసవీ కాసినో హాళ్లలో, తిరునాళ్లలాంటి స్టేట్ ఫెయిర్లలో వాయించాం. బాస్ గిటారు వాళ్లు వచ్చారు, పోయారు. మేం ముగ్గురం మాత్రం ఉన్నాం. బతికున్నవాళ్లంతా ఒప్పుకుంటేనే ఆ పేరు వాడాలన్నది మా ఒప్పందం. మోకాలి శస్త్రచికిత్స వల్ల గత రెండు వేసవులూ నేను వేదిక ఎక్కలేదు. నా చోట ఇంకొకరు వాయించడానికి సంతోషంగా ఒప్పుకున్నాను. ఈ ఫిబ్రవరిలో వాల్టర్ పోయాడు.

మే నెలలో తల్సాలో సంస్మరణ ప్రదర్శన, శరదృతువులో పదకొండు ఊళ్ల పర్యటన ఏర్పాటయ్యాయి. పర్యటన జరగాలంటే నా అంగీకారం కావాలి. ప్రదర్శన చూసుకుని సోమవారంలోగా చెబుతానన్నాను. ఆ పర్యటన తప్ప డేల్‌కు మరో వ్యాపకం లేదు. భార్య పోయాక ఊరి చివర ఇంట్లో రెండు కుక్కలతో ఉంటున్నాడు.

ప్రదర్శన ముందురోజు పక్క ఊరు అర్వింగ్‌లోని ఇండియన్ స్టోర్‌లో రెండు మల్లెదండలు కొని, ఐసు పెట్టిన డబ్బాలో సర్దాను. ఒకటి వాల్టర్ ఫోటోకు, ఒకటి అతని డ్రమ్స్‌కు. శనివారం పొద్దున ఆరింటికి బయలుదేరి 121 టోల్‌వే మీదుగా 75వ నంబరు రహదారి ఎక్కాను. ఎర్రనది దాటితే ఓక్లహోమా. డ్యూరంట్‌లో పెట్రోలు టెక్సస్ కంటే కాస్త చవకే గాని, ఆగాల్సిన అసలు కారణం శుభ్రమైన బాత్రూములు. అటోకా దాటాక మెకలెస్టర్ దగ్గర ఇండియన్ నేషన్ టర్న్‌పైక్ అనే టోలు రోడ్డు పట్టుకుంటే దారి ఖాళీ. టోలు బిల్లు కారు నంబరు మీద ఇంటికే వస్తుంది. మొత్తం నాలుగున్నర గంటలు. ఆ ఖాళీ దారిలోనే మా వీధి శైలజ ఫోన్ చేసింది.

"ఆంటీ, ఒక్కరే డ్రైవ్ చేస్తున్నారా? మా ఆయన డ్రాప్ చేసేవారు కదా!"

"మీ ఆయన పక్కన కూర్చుంటే నాకు బీపీ వస్తుందమ్మా. బ్రేకు మీదే కాలు పెట్టి నడుపుతాడు."

"అయ్యో, అది మాత్రం నిజమే ఆంటీ," అని పగలబడి నవ్వింది. "ప్రోగ్రాం ఫోటోలు మాత్రం తప్పకుండా సెండ్ చేయండి, గ్రూప్‌లో పెడతాను."

ఆ ఫోటో పంపింది నేనే. కాబట్టి ఆమెను తప్పుపట్టను.

తల్సాలో మధ్యాహ్నం భోజనం పాత పరిచయమున్న చిన్న హోటల్లో. వేయించిన బెండకాయ, చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, టిప్పుతో కలిపి పద్దెనిమిది డాలర్లు. వంటామె పేరు లొరెయిన్, నా ఈడుదే. వంటగది కిటికీలోంచి తల బయటపెట్టి, "మళ్లీ బెండకాయేనా? యాభై ఏళ్లుగా ఈ రాష్ట్రానికి వస్తూ ఇంకేమీ తినని మనిషివి నువ్వొక్కదానివే," అంది. కాసేపటికి తనే వచ్చి ఎదురుగా కూర్చుంది. "వాల్టర్ ఈ బల్ల మీద ఊరికే వేళ్లు ఆడించేవాడు. ఆపరా బాబూ, కాఫీ ఒలుకుతోంది అంటే ఆపేవాడు కాదు. ఇప్పుడు ఈ బల్ల తుడవాలంటే బుద్ధి పుట్టడం లేదు."

హాల్లో రెండింటికి సౌండ్ చెక్. డ్రమ్స్ దగ్గర కేలా అనే అమ్మాయి కూర్చుంది. మంచి చెయ్యి, మర్యాదస్తురాలు. ఈ తరంవాళ్లలా చెవిలో టిక్ టిక్ మనే యంత్రం పెట్టుకుని లయ చూసుకుంటుంది. నేను డబ్బా తెరిచి దండలు బల్ల మీద పెట్టి, వాల్టర్ ఫోటో కోసం లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఒక దండ డేల్ మెడలో ఉంది.

"ప్రొఫెసర్! ఎంత బాగున్నాయి! నాకోసం ఇంత దూరం మోసుకొచ్చావా?" అంటూ రెండోది నా మెడలో వేశాడు. కేలా నా ఫోన్ తీసుకుని సంబరంగా ఫోటో తీసింది. అవి పోయినవాడికని చెప్పడానికి నోరు తెరిచాను. డేల్ కళ్లు మూసుకుని మల్లెల వాసన పీలుస్తున్నాడు. చెప్పలేకపోయాను. కాసేపయ్యాక అతన్ని మాటల్లో పెట్టి, రెండూ తీసి, వాటిని పెట్టాల్సిన చోట పెట్టాను.

ప్రదర్శన ఏడున్నరకు. హాలు నిండింది, ఎక్కువమంది మా వయసువాళ్లే. మా రెండో రికార్డులోని పొడుగాటి రచన నడుమ ఒక చోటుంది. వాద్యాలన్నీ ఆగిపోతాయి. నాలుగు ఆవర్తాల నిశ్శబ్దం. అప్పుడు వాల్టర్ కుడిచెయ్యి తలపైకెత్తి గాలిలో తాళం వేసేవాడు, హాలంతా అతనితోపాటు వేసేది. అయిదో ఆవర్తం మొదటి దెబ్బకు డేల్ గొంతు ఒంటరిగా లేవాలి. ఏళ్ల తరబడి ఇదే ఆనవాయితీ. చెయ్యెత్తడం వాల్టర్ వేషమనుకునేదాన్ని.

ఆ రాత్రి వాద్యాలు ఆగాయి. కేలా చేతులు ఒళ్లో ఉన్నాయి, ఆమె లెక్క ఆమె చెవిలో నడుస్తోంది. హాలు తాళం అందుకుంది. వందల చేతులు, ఒక్కటీ తప్పకుండా చూపుడు వేలితో మొదలుపెట్టిన లెక్క. డేల్ మాత్రం వెనక్కి తిరిగి, డ్రమ్స్ పైన ఖాళీగా ఉన్న గాలిలోకి చూస్తున్నాడు. అన్ని చేతుల చప్పుడు ఎదురుగా ఉండగా, మూడో ఆవర్తం మధ్యలోనే పాట ఎత్తుకున్నాడు. పైగా శ్రుతి దిగిపోయింది. నేను చప్పున నా కీబోర్డును అరమెట్టు కిందికి దించి అతని శ్రుతికి కలిపాను, బాస్ అబ్బాయికి కళ్లతో చెప్పాను. మెట్టు మారిందన్న సంగతి డేల్ గమనించనే లేదు. యాభై ఏళ్ల కిందట నేను ఒక్క స్వరం తప్పు నొక్కినా గుర్రుగా చూసిన మనిషి! ముందు వరసలో ఒకాయన తాళం ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, తల వంచుకున్నాడు. చివర్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో ప్రేమ ఉంది, జాలి కూడా ఉంది.

గ్రీన్‌రూమ్‌లో మేమిద్దరమే మిగిలాక డేల్ అడిగాడు. "ముందే ఎత్తుకున్నానా?"

నా పెదవులు చూస్తూ అడుగుతున్నాడని అప్పుడే గమనించాను.

"ఒకటిన్నర ఆవర్తం ముందు," అన్నాను నెమ్మదిగా.

"ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిది ఈ రెండేళ్లలో. వాల్టర్‌కు తెలుసు. వాడి చెయ్యి చూసి పాడేవాణ్ణి." కాసేపు బూట్ల వంక చూసి, ముఖం వెలిగించుకుని తలెత్తాడు. "కానీ శ్రుతి కుదిరింది కదా? మనిద్దరం ఒక్కటిగా ఉన్నాం కదా?"

"ఉన్నాం," అన్నాను. అది అబద్ధం కాదు.

"అయితే ఇకమీద నువ్వు చెయ్యెత్తు, ప్రొఫెసర్. పదకొండు ఊళ్లే కదా. నిన్ను చూస్తే చాలు నాకు."

"నా కీబోర్డు ఎవరు వాయిస్తారు, నీ కుక్కలా?"

గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు కూడా కాస్త ఆలస్యంగా వచ్చింది. సోమవారం చెబుతానని, అతని చేతిమీద చెయ్యి వేసి వచ్చేశాను. హోటల్ గది నూట ఇరవై డాలర్లు, నిద్ర మాత్రం పట్టలేదు.

ఆదివారం తిరుగుదారిలో చాలా దూరం పాట పెట్టకుండా నడిపాను. చెయ్యెత్తగలను, అందులో కష్టమేమీ లేదు. అడుగడుగునా అతనికి లయ చూపగలను. కానీ శ్రుతిని ఏ చెయ్యీ చూపించలేదు. నేను ప్రతి రాత్రీ అతను జారిన చోటికి జారి కలుపుతూ ఉంటాను, అతను కుదిరిందనుకుంటూ ఉంటాడు, ఎదుటివాళ్లు ఫోన్లు పైకెత్తి రికార్డు చేస్తూ ఉంటారు. మూడో ఊళ్లోనో నాలుగో ఊళ్లోనో ఎవరో ఒకరు దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టి నవ్వుతారు. డేల్ వినలేడు గాని, కింద రాసింది చదవగలడు. వాల్టర్ అన్నేళ్లు దాచింది ఆ పూట పోతుంది. అసలు కారణం డేల్‌కు చెప్పి ఆపుదామంటే, తల్సాలో తన స్నేహితుడి పేరు మీద ఎలా పాడాడో జీవితాంతం తలుచుకుంటూ కూర్చుంటాడు. ముగ్గురం కలిసి లెక్కపెట్టుకుంటూ కట్టుకున్నది, ముగ్గురిలో ఒకరి చెయ్యి లేకపోయేసరికి ఇలా ఆగిపోయింది. మా సంగీతం గొప్పదో కాదో నాకు తెలియదు. కాని కొన్ని వందలమంది అమెరికన్ల వేళ్లలో విశాఖపట్నం తాళం తలకిందులుగా బతికి ఉంది. అంతకంటే నేను ఆశించింది లేదు.

ఇది తెలుగులో రాస్తున్నాను కాబట్టి డేల్ చదవలేడు. తర్జుమా చేసి పంపాలన్న ఉత్సాహం ఎవరికైనా కలిగితే దయచేసి అణచుకోండి. ఇక ఈ దారిలో వెళ్లేవారికి ఒక సలహా. ఓక్లహోమా వైపు చిన్న ఊళ్లు వచ్చినప్పుడల్లా వేగపరిమితి ఉన్నట్టుండి పడిపోతుంది, బోర్డు కనపడగానే కాలు తీయండి. పగటిపూటే వెళ్లండి.

పర్యటన నిర్వాహకులకు ఈమెయిలు ఆ ఆదివారమే పంపాను, మెకలెస్టర్‌లో ఒక పెట్రోలు బంకు పక్కన కారు ఆపుకుని. ఎవరినీ అడగలేదు, డేల్‌ను కూడా. నేను లేకుండా ఆ పేరు వాడడానికి ఒప్పుకోనన్నాను. ఎందుకు రాలేవని అడుగుతారు కనుక కారణం కూడా రాశాను. నాకు వయసు మీద పడిందనీ, ఇక ఇంత దూరం ప్రయాణాలు చేయలేననీ రాశాను.